చీటీ డబ్బు తినేసి పారిపోయినవాడికి దేవుడి క్షమాపణ ఉందా? ఏ పూజ చేయించాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెప్తాను. బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగువాళ్ల మధ్య మీరు చీటీలు నడిపారు. 26 మంది కట్టారు. వాళ్లలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు ఉన్నారు. ఆ డబ్బంతా ఆన్‌లైన్ రమ్మీలో పోగొట్టారు. ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేసి, ఫోన్ నంబరు మార్చేసి, ఊరికి అటు చివర కాపురం పెట్టారు. ఆ 26 మందిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒకాయన, భార్య ఆపరేషన్ కోసమే చీటీ కట్టాడు. డబ్బు అందక ఆపరేషన్ ఆలస్యమైంది, ఆవిడ చనిపోయింది. నాలుగేళ్లయింది. "నాలాంటి మహాపాపికి క్షమాపణ ఉందా? ఉంటే ఏ పూజ చేయించాలి, ఎంతవుతుంది? మా ఆవిడకి ఈ సంగతి చెప్పాలా?" అని అడిగారు. మధ్యలో ఒకచోట "చచ్చిపోతే తీరిపోతుందేమో" అని కూడా రాశారు.

ఉంది. మీకూ ఉంది, మీకంటే పెద్ద పాపం చేసినవాళ్లకీ ఉంది. కానీ దానికోసం ఇప్పుడు మీరు చేయించాల్సిన పూజ ఏదీ లేదు. ఒక నోట్‌బుక్ తీసుకుని ఆ 26 మంది పేర్లు రాయండి. ఎవరికి ఎంత ఇవ్వాలో పక్కన వేయండి. పూజ సంగతి ఆ తర్వాత చూద్దాం. ఇలా ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

దానికంటే ముందు ఇంకో మాట. చచ్చిపోవాలన్న ఆలోచన మళ్లీ వస్తే వెంటనే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మీరు పోతే ఆ 26 మందికి రావాల్సిన డబ్బు కూడా మీతోనే పోతుంది, నింద మాత్రం మీ భార్యాబిడ్డల మీద పడుతుంది. మీరు బతికి ఉండటం మీకే కాదు, వాళ్లందరికీ అవసరం.

నేను బెంగళూరులో 34 ఏళ్లుగా పౌరోహిత్యం చేస్తున్నాను. మా సొంతూరు హిందూపురం దగ్గర. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, తద్దినాలు అన్నీ చేయిస్తాను. ఎక్కువమంది పరిహారం అడగడానికి వస్తారు. శని బాగాలేదంటారు, సర్పదోషం అంటారు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి ఒక అరగంట మాట్లాడితే, చాలామంది విషయంలో గ్రహం వెనక ఒక మనిషి బయటపడతాడు. వాటా ఎగ్గొట్టిన అన్న, ఇంట్లోంచి వెళ్లగొట్టిన కోడలు, సంతకం మార్చిన భాగస్వామి. మీరు మొదటే దాచకుండా రాశారు. అందుకే మీకు ఇంత పెద్ద సమాధానం రాయాలనిపించింది.

క్షమాపణ ఉందని ఏ ధైర్యంతో చెప్తున్నానో వినండి. విభీషణుడు సముద్రపు ఒడ్డుకి వచ్చి శరణు అడిగినప్పుడు సుగ్రీవుడు వద్దన్నాడు, శత్రువు తమ్ముణ్ని నమ్మకూడదన్నాడు. అప్పుడు రాముడు, తీసుకురా, అభయమిచ్చేశాను, "విభీషణో వా సుగ్రీవ యది వా రావణః స్వయం" అన్నాడు. వచ్చినవాడు స్వయంగా రావణుడే అయినా సరే అని. అప్పటికి సీత ఇంకా అశోకవనంలోనే ఉంది. ఆ బాధ గుండెలో పెట్టుకుని అన్న మాట అది. నాకు ఈ శ్లోకం చదివినప్పుడల్లా గొంతు పూడుకుపోతుంది. మీరు రావణుడికంటే దిగజారారా? లేదు కదా. గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు కూడా "సుదురాచారుడు" అనే మాటే వాడాడు. అంటే మామూలు తప్పు చేసినవాడు కాదు, మిక్కిలి చెడునడతలో ఉన్నవాడు. వాడు అనన్యంగా నన్ను పట్టుకుంటే వాణ్ని సాధువనే లెక్కించాలి అన్నాడు, కారణం కూడా చెప్పాడు: "సమ్యగ్వ్యవసితో హి సః", వాడు సరైన నిశ్చయానికి వచ్చాడు కాబట్టి. ఆ నిశ్చయం అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక అజామిళుడు. ఈ కథ తెలియని తెలుగువాళ్లు తక్కువ. కానీ చాలామంది సగమే చెప్తారు, ఆ సగంతోనే ప్రమాదం. చనిపోయేటప్పుడు చిన్నకొడుకుని "నారాయణా" అని పిలిచాడు, విష్ణుదూతలు వచ్చారు, వైకుంఠం దక్కింది అంటారు. మూలం అలా లేదు. అతను జూదం, మోసం, దొంగతనం మీద బతికాడని భాగవతం స్పష్టంగా చెప్తుంది. చూశారా, మీ కథకి ఎంత దగ్గరో. అలా బతుకుతూనే 88 ఏళ్ల వయసుకి వచ్చాడు. నామం చెప్పగానే యమదూతల పాశం విడిపోయింది, అంతవరకు నిజం. కానీ విష్ణుదూతలు అతణ్ని అప్పుడు తీసుకెళ్లలేదు, మాయమైపోయారు. అతను లేచి కూర్చున్నాడు. చేసినవన్నీ ఒక్కొక్కటే తలుచుకుని ఏడ్చాడు. ముసలి తల్లిదండ్రులని వదిలేశాను, నమ్మి వచ్చిన భార్యని వదిలేశాను అని తనని తానే తిట్టుకున్నాడు. ఇల్లు విడిచి గంగాద్వారం, అంటే ఇప్పటి హరిద్వార్, వెళ్లి మనసు నిగ్రహించి సాధన చేశాడు. అప్పుడు, ఆ తర్వాతే, అదే దూతలు మళ్లీ వచ్చారు. దేవుడు ముందుగా ఇచ్చింది టైమ్. వైకుంఠం తర్వాత ఇచ్చాడు. మీకు కూడా నాలుగేళ్లుగా ఆ టైమ్ నడుస్తోందని నా నమ్మకం.

అదే ఘట్టం మొదట్లో పరీక్షిత్తు శుకమహర్షిని ఒక ప్రశ్న అడుగుతాడు. మనిషి ప్రాయశ్చిత్తం చేసుకుంటాడు, మళ్లీ అదే పాపం చేస్తాడు, ఇది ఏనుగు స్నానంలా ఉంది కదా, ఉపయోగం ఏముంది అని. ఏనుగు శుభ్రంగా స్నానం చేసి గట్టెక్కగానే దుమ్ము ఎత్తి ఒంటి మీద పోసుకుంటుంది. వేల ఏళ్ల నాటి ప్రశ్న, నా దగ్గరికి వచ్చే వాళ్లని చూస్తే ఇవాళ్టి ప్రశ్నలాగే ఉంటుంది. ప్రాయశ్చిత్తం అనే మాటకి పెద్దలు చెప్పే అర్థం: ప్రాయం అంటే తపస్సు, చిత్తం అంటే నిశ్చయం. మళ్లీ చేయనన్న నిశ్చయం లేకపోతే మిగిలేది ఒంటికి కష్టం, పర్సుకి ఖర్చు. కాబట్టి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి: ఆ రమ్మీ యాప్ మానేశారా? మీరు ఆ సంగతి రాయలేదు. ఋగ్వేదం పదో మండలంలో జూదరి తన గోడు తానే చెప్పుకునే సూక్తం ఉంది. భార్య దూరమైంది, అత్త తిడుతోంది, రాత్రి అప్పులవాళ్లకి భయపడి తిరుగుతున్నాను, ఇక ఆడననుకుంటాను, పాచికల చప్పుడు వినగానే కాళ్లు అటే వెళ్తాయి అంటాడు. అంటే ఇది మీ ఒక్కరి బలహీనత కాదు, కానీ ఒక్కరే గెలవగలిగేది కూడా కాదు. మన నిమ్హాన్స్ మానసిక వైద్యశాలలో ఇలాంటి వ్యసనాలకి ప్రత్యేకంగా వైద్యం ఉంది. సిగ్గుపడకుండా వెళ్లండి. ఇది కూడా ప్రాయశ్చిత్తంలో భాగమనే నేను చెప్తాను.

ఇప్పుడు అసలు సంగతి. దేవుడి దగ్గర క్షమాపణ అడిగితే చాలదా, ఆ మనుషుల దగ్గరికి ఎందుకు వెళ్లాలి?

దూర్వాసుడి కథ గుర్తు చేసుకోండి. అంబరీషుడు ఏ తప్పూ చేయకపోయినా కోపంతో అతని మీద కృత్యని, అంటే చంపడానికి పుట్టించిన భూతాన్ని, వదిలాడు. సుదర్శన చక్రం ఆ కృత్యని కాల్చి, దూర్వాసుడి వెంటపడింది. ఆయన బ్రహ్మ దగ్గరికి పరిగెత్తాడు, నా వల్ల కాదన్నాడు. శివుడి దగ్గరికి వెళ్లాడు, ఆయనా అంతే అన్నాడు. చివరికి విష్ణువు కాళ్ల మీదే పడ్డాడు. చక్రం ఎవరిది? విష్ణువుదే. ఆపమంటే ఆగదా? అయినా ఆయన ఏమన్నాడో చూడండి. నేను భక్తులకి అధీనుణ్ని, నా చేతుల్లో లేదు, ఎవరికి అపకారం చేశావో ఆ అంబరీషుడి దగ్గరికే వెళ్లు అన్నాడు. ఇదంతా జరిగేసరికి ఏడాది గడిచింది. అన్నాళ్లూ అంబరీషుడు, అతిథి తినకుండా వెళ్లిపోయాడని, నీళ్లు మాత్రమే తాగుతూ ఎదురుచూస్తున్నాడు. దూర్వాసుడు వచ్చి కాళ్లు పట్టుకోగానే రాజే సిగ్గుపడి, చక్రాన్ని శాంతించమని వేడుకున్నాడు. అప్పుడు ఆగింది.

నేను 34 ఏళ్లలో నేర్చుకున్నది ఈ కథలో ఉంది. అంత తపస్వి అయినా బాధపెట్టిన మనిషి ఇంటికి వెళ్లకుండా దాటిపోలేకపోయాడు.

ఇది నాకు మొదట్నుంచీ తెలిసి ఉంటే బాగుండేది. 1998లో ఒకాయన వచ్చి, మనసు బాగోలేదు, ప్రాయశ్చిత్త హోమం చేయించండి అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. మూడు గంటలు శ్రద్ధగా చేయించాను, దక్షిణ తీసుకున్నాను. ఆయన తేలికపడి వెళ్లాడు. రెండేళ్ల తర్వాత ఒకావిడ వచ్చింది. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. "స్వామీ, మా మరిది మీ దగ్గరే హోమం చేయించుకున్నాడంట. మా వాటా మాకివ్వకుండానే ఆయన పాపం పోయిందా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి ప్రాయశ్చిత్తమని ఎవరు వచ్చినా నా మొదటి ప్రశ్న "ఎవరికి ఇవ్వాలి?" అనే. కొందరు లేచి వెళ్లిపోతారు. వెళ్లనీ.

శాస్త్రం కూడా ఇదే చెప్తోందని తర్వాత గమనించాను. మనుస్మృతి పదకొండో అధ్యాయంలో తక్కువ విలువైన వస్తువుల దొంగతనానికే సాంతపన కృచ్ఛ్రం అనే ప్రాయశ్చిత్తం చెప్పారు. పంచగవ్యం, దర్భ నీళ్లతో ఒక రోజు, ఆ పైన ఉపవాసం. ఆ శ్లోకంలో చిన్న మాట ఉంది: "నిర్యాత్య". తిరిగి ఇచ్చేసి అని అర్థం. ఇచ్చేసి, ఆ తర్వాత కృచ్ఛ్రం చేయాలి. ఆ గ్రంథంలో వర్ణాన్ని బట్టి శిక్ష మార్చిన చోట్లున్నాయి, వాటిని నేను ఎవరికీ చెప్పను, సమర్థించను. కానీ ఈ ఒక్క మాట ఎవరికైనా వర్తిస్తుంది. అలాగే తప్పు బయటికి చెప్పుకోవడం, పశ్చాత్తాపపడటం, మళ్లీ చేయనని మానేయడం, వీటితో పాపం వదులుతుందని అక్కడే ఉంది. ఇప్పుడు మేం కృచ్ఛ్రానికి బదులు ప్రత్యామ్నాయమని కొంత డబ్బు దానంగా ఇప్పిస్తాం. మీ విషయంలో ఆ డబ్బు ఎవరిది? ఇస్త్రీ ఆయనది. తిరుమల హుండీలో వేసినా అంతే. ఆపదమొక్కులవాడికి మీ మొక్కు చెల్లించండి, కానీ పనమ్మాయి కట్టిన నెల చీటీతో కాదు.

మీరు అడగకపోయినా పోలీసుల సంగతి కూడా చెప్పాలి. రిజిస్టర్ చేయకుండా చీటీలు నడపడమే 1982 నాటి చీటీల చట్టం ప్రకారం నేరం, మోసం కేసు వేరే. నేను లాయర్ని కాను. ముందు ఒక మంచి లాయరుతో మాట్లాడండి, అన్నీ చెప్పండి. ధర్మశాస్త్రం ఏమంటుందో మాత్రం చెప్పగలను. దొంగ జుట్టు విరబోసుకుని, రోకలి భుజాన పెట్టుకుని, తానే పరిగెత్తుకుంటూ రాజు దగ్గరికి వెళ్లి "నేను చేశాను, శిక్షించు" అనాలట. రాజు శిక్షించినవాడు నిర్మలుడై పుణ్యం చేసినవాడిలాగే స్వర్గానికి వెళ్తాడని కూడా ఉంది. కాబట్టి కోర్టుకి వెళ్లాల్సి వస్తే దేవుడు వదిలేశాడని అనుకోకండి.

ఇప్పుడు కష్టమైన భాగం. డబ్బు తిరిగి ఇవ్వొచ్చు, ఆవిడ తిరిగి రాదు. దీనికి తియ్యగా చెప్పే జవాబు నా దగ్గర లేదు. సుందరకాండలో కాకాసురుడి సంగతి ఉంది. కాకి రూపంలో వచ్చి సీతమ్మని గాయపరిచాడు. రాముడు దర్భపుల్లని బ్రహ్మాస్త్రం చేసి వదిలాడు. మూడు లోకాలు తిరిగాడు, ఎవరూ కాపాడలేదు. వచ్చి రాముడి కాళ్ల దగ్గరే పడ్డాడు. చంపదగినవాడే అయినా దయతో ప్రాణం నిలబెట్టాడు. కానీ అస్త్రం వృథా పోకూడదు కాబట్టి కుడికన్ను పోయింది. క్షమాపణ దొరికింది, కన్ను మాత్రం దొరకలేదు. ఆవిడ మరణం మీకు అలాంటిదే. అది మోస్తూనే బతకాలి. క్షమాపణ దొరికితే ఆ జ్ఞాపకం చెరిగిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆపరేషన్ సమయానికి జరిగి ఉంటే బతికేదా లేదా అన్నది డాక్టర్లకి తెలుసు, మీకూ నాకూ తెలియదు. అందుకని "నేనే చంపాను" అని మిమ్మల్ని మీరు రోజూ ఉరితీసుకోవద్దు, "నాకేం సంబంధం" అని తప్పించుకోనూ వద్దు. ఆయనకి అవసరమైన రోజున ఆయన డబ్బు ఆయన చేతిలో లేకుండా చేశారు. ఆ మాట, అంతే మాట, ఆయన ఎదురుగా నిలబడి చెప్పాలి.

ఆయన క్షమించకపోవచ్చు. క్షమించి తీరాలని అడిగే హక్కు మీకు లేదు. దేవుడే క్షమించాడు, మీరెందుకు క్షమించరు అనే మాట పొరపాటున కూడా అనకండి. యుద్ధం అయ్యాక తనని ఏడిపించిన రాక్షస స్త్రీలని హనుమంతుడు చంపేస్తానంటే సీతమ్మ వద్దంది. అది ఆవిడ గొప్పతనం, ఆవిడ ఇష్టం. హనుమంతుడు అడిగింది ఆవిడనే, ఆవిడ తరఫున తాను క్షమించేయలేదు.

నాకు తెలిసిన ఒకాయన తాగి భార్యని కొట్టేవాడు. ఆవిడ కూతుర్ని తీసుకుని అనంతపురంలో పుట్టింటికి వెళ్లిపోయింది. తాగుడు మానేశాక ప్రాజాపత్య కృచ్ఛ్రం చేశాడు. పన్నెండు రోజులు: మూడు రోజులు పగలు మాత్రమే భోజనం, మూడు రోజులు రాత్రి మాత్రమే, మూడు రోజులు అడగకుండా దొరికింది, చివరి మూడు రోజులు ఉపవాసం. తర్వాత అత్తవారింటికి వెళ్లాడు. మామగారు తలుపు తీయలేదు. అప్పట్నుంచి తొమ్మిదేళ్లుగా ప్రతినెలా ఒకటో తారీకున కూతురి చదువుకి డబ్బు పంపిస్తున్నాడు. అటు నుంచి ఒక్క ఫోన్ రాలేదు. "డబ్బు వెనక్కి రావట్లేదు స్వామీ, అది చాలు" అంటాడు. దేవుడు అతణ్ని క్షమించాడా అని నన్నడిగితే, క్షమించాడనే చెప్తాను. ఆవిడ క్షమించకపోవడం తప్పని మాత్రం ఎప్పుడూ చెప్పను.

ఎలా మొదలుపెట్టాలో కొంచెం చెప్తాను. మొత్తం చేతికి వచ్చాక వెళ్దామనుకుంటే ఎప్పటికీ వెళ్లరు. నెలకి రెండువేలే మిగిలితే రెండువేలతోనే మొదలుపెట్టండి. ముందు ఇవ్వాల్సింది గట్టిగా అరిచేవాళ్లకి కాదు, ఎక్కువ అవసరంలో ఉన్నవాళ్లకి. ఎవరైనా చనిపోయి ఉంటే వాళ్ల పిల్లలకి ఇవ్వండి. నిజంగా వెతికినా దొరకనివాళ్ల వాటా మాత్రమే వాళ్ల పేరు చెప్పి దానం చేయండి. ఇచ్చిన ప్రతిసారీ కాగితం మీద సంతకం తీసుకోండి, లాయరు కూడా అదే చెప్తారు. ఒక మేస్త్రీ తన కూలీల బత్తెం ఎగ్గొట్టి, ఇలా కొంచెం కొంచెంగా ఆరేళ్లు కట్టాడు. నాలుగో ఏడు మధ్యలో మానేద్దామనిపించిందట. నా దగ్గరికొచ్చి కూర్చుని, ఏమీ మాట్లాడకుండా వెళ్లి, మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. మీకూ అలాంటి రోజులు వస్తాయి.

పూజ అడిగారు కాబట్టి: రోజూ దీపం పెట్టి, ప్రదక్షిణలో అందరం చెప్పే "పాపోహం పాపకర్మాహం" శ్లోకం చెప్పండి. చిన్నప్పట్నుంచి అర్థం చూడకుండా గడగడా చెప్పేస్తాం. ఇప్పుడు నిదానంగా, ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని చెప్పండి. "త్రాహి మాం కృపయా దేవ" అన్నచోట ఆగండి. దీనికి ఖర్చేమీ లేదు. మొదటి విడత డబ్బు ఇచ్చాక కృచ్ఛ్రం చేయాలనిపిస్తే, మీ ఆరోగ్యం చూసి నేను దగ్గరుండి చేయిస్తాను, దక్షిణ తీసుకోను.

చివరిగా మీ ఆవిడ సంగతి. చెప్పాలి. ఎవరో ఇంటికొచ్చి అరిస్తే తెలియడం కంటే మీ నోటితో తెలియడం ఆవిడకి మీరివ్వాల్సిన మర్యాద. పైగా నెలనెలా డబ్బు బయటికి వెళ్లేటప్పుడు దాచలేరు, దాస్తే అది ఇంకో అబద్ధం. పిల్లలు పడుకున్నాక, టీవీ ఆపేసి చెప్పండి. ఆవిడ తిడుతుంది, ఏడుస్తుంది, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. "పరిస్థితులు అలా వచ్చాయి" అని మొదలుపెట్టకండి. "నేను చేశాను" అని మొదలుపెట్టండి. ఆ నోట్‌బుక్ కూడా ఆవిడ చేతికే ఇవ్వండి, మొదటి పేరు ఇస్త్రీ ఆయనది రాసి.